పలకని చెక్క

కృత్తిక కార్తె, సోమవారం

గాలి: పడమటి నుంచి, సన్నగా. నీళ్ళు: తొట్టిలో సగానికి పైనే. కాళ్ళు: నిలవడం లేదు.

గాలిమరల మీద పనిచేసినన్నాళ్ళూ మర పరిస్థితి ఏ రోజుకారోజు ఇలాగే రాసేదాన్ని. గాలి ఎటు, నూనె ఎంత, రెక్క ఎక్కడ మూలుగుతోంది అని. ఇప్పుడు నా చేతి కింద మర లేదు, నేనే మిగిలాను. కాబట్టి నా పరిస్థితి రాసుకుంటున్నాను. అలవాటు పడ్డ చెయ్యి ఊరికే ఉండదు కదా.

ఇవాళ పొద్దు వాలి తలుపులు తెరవగానే నా వంతు పైకప్పు పని. సోలార్ పలకల మీది దుమ్ము తుడిచాను. సున్నం పూత పగిలినచోట మళ్ళీ పూశాను. మా మాళిగ ఒకప్పుడు గాలిమరల మరమ్మతు షెడ్డు కింది గోదాం. ఎండ ముదరకముందే ఇనుప తలుపు మూసుకుని కిందికి దిగుతాం, పొద్దు వాలాక పైకి వస్తాం. వేసవిలో ఈ సీమంతా అంతే, పగలు నేల కింద బతుకు. ఊళ్ళోని పెద్ద మాళిగల్లో జనం చెవి కింద నెమ్మది అంటించుకుని, గోడకు ఆనుకుని, పొద్దు వాలేదాకా కిక్కురుమనకుండా కూర్చుంటారు. మేము అలా కూర్చోలేం. పాడే హుసేనప్ప మామతో కలిపి ఇక్కడున్న ఎనిమిది మందిమీ నెమ్మది వదిలినవాళ్ళం.

నెమ్మది అంటే చూడటానికి రూపాయి బిళ్ళంత రేకు, అంతే. ఇరుకు మాళిగల్లో జనం ఉక్కకు తాళలేక ఒకరినొకరు కొట్టుకోకుండా మొదట్లో ఇంటింటికీ ఊరికే పంచారు. ఒకటో మెట్టు మీద పెట్టుకుంటే చికాకు పోతుంది. రెండో మెట్టు మీద దిగులు పోతుంది. నాకు దిగులు జాస్తి. అందుకని మరలు విప్పే చేత్తో దాని తాళం కూడా విప్పి, ఏ మెట్టూ లేనంత పైకి తీసుకెళ్ళాను. అక్కడ దాహం కూడా పోతుంది. ఒక మిట్టమధ్యాహ్నం గాలిమర నెత్తిన, మండే ఎండలో, నవ్వుమొహంతో కూర్చుని ఉంటే తోటివాళ్ళు తాళ్ళు కట్టి దించారట. దించడం నాకు గుర్తు లేదు. ఎంత హాయిగా ఉండిందో మాత్రం బాగా గుర్తుంది. అదీ నా ఖర్మ.

వదిలాక కాళ్ళు మొదలవుతాయి. మోకాళ్ళ కింద, ఎముకల్లో, ఎక్కడో తెలియని చోట దురద. పడుకుంటే లేవమంటాయి, లేస్తే నడవమంటాయి, నడిస్తే ఎక్కడికో తెలియదు. హుసేనప్ప మామ దీనికి కనిపెట్టిన మందు చెక్కభజన. "నిలవని కాళ్ళను నిలపాకండి, వాటికొక వరస సూపీండి," అంటాడు. చేతిలో రెండు కర్రచెక్కలు, వాటి గాడుల్లో ఇత్తడి రేకులు, ఎదురుగా జత మనిషి. నాకు జత లేదు. మిగతా ఆరుగురూ మూడు జతలైతే నేను రాతిస్తంభానికి ఎదురుగా ఎగురుతాను.

ఈ ఇంటికో పద్ధతి కూడా ఉంది. ఎవరి కాళ్ళు లేస్తే వాళ్ళు చెక్క ఒకసారి గట్టిగా కొట్టాలి. విన్నవాళ్ళంతా, నిద్రలో ఉన్నా ముద్ద నోట్లో ఉన్నా, లేచి వచ్చి ఆ కాళ్ళు దిగేదాకా తోడుగా అడుగులెయ్యాలి. ఒంటరిగా ఎవర్నీ తిరగనివ్వరు. నేను ఇంతవరకూ కొట్టలేదు. దుప్పటి కప్పుకుని పళ్ళు బిగించుకుంటాను. నిద్రపోతున్నవాళ్ళను లేపి నా బాగోతం చూపించుకోవాలా?

ఇది నేను చెప్పే కారణం. అసలు కారణం, నా చెక్క పలకదు. వచ్చిన రోజు నా మూటలన్నీ విప్పి వెతికారు, నాలుక కింద మాత్రం వెతకలేదు. ఈ ఇంట్లో ఒకరి చెక్క ఇంకొకరు ముట్టరు. అందుకని కుడిచేతి చెక్కలో ఒక రేకు ఊడబీకి, ఆ గాడిలో నా నెమ్మది పెట్టి మైనం పూసేశాను. దాచడానికి అంత భద్రమైన చోటు ఇంకోటి ఉండదనుకున్నాను. మొదటి రోజు మొదటి అడుగుకే తెలిసింది నా తెలివి. అందరి చెక్కలూ ఝల్లుమంటే నాది టక్కుమంది.

కృత్తిక కార్తె, బుధవారం

గాలి: లేదు. నీళ్ళు: తొట్టి నిండింది. కాళ్ళు: మామూలే.

నీళ్ళ బండి వచ్చింది. నీళ్ళతో పాటు ఒక పిల్లను కూడా దించి పోయింది. పేరు లాలెమ్మ. పాతికేళ్ళు ఉంటాయో లేవో. ఊరి మాళిగలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పేదట. మేము బిందెలు మోస్తూ నాలుగు సార్లు తిరిగినా, దించినచోటే సంచి పట్టుకుని నిలబడి ఉంది. వంట చేసే వన్నూరప్ప "లోపలికి రా పాపా, సంగటి సల్లారిపోతాది" అని సంచి లాక్కుంటే అప్పుడు కదిలింది.

"ఏమైంది నీకు?" అని అడిగాను. నాకు మెత్తగా అడగడం రాదు.

"ఏం కాలేదక్కా."

"ఏం కాకుండానే ఇక్కడికొచ్చావా?"

"ఏం కాలేదు, నిజంగానే. ఒకరోజు లేసినాక, యానికి లేసినానో తెలీలే. నెమ్మది పెట్టుకుంటే ఆ ఆలోసన పోయింది. దాంతోపాటే అన్నీ పోయినాయి."

నాకు ఒళ్ళు మండింది. నేను ఇన్నేళ్ళు నా గురించి చెప్పుకోలేకపోయినదాన్ని ఆ పిల్ల సంగటి ముద్ద చిదుపుతూ రెండు ముక్కల్లో చెప్పేసింది.

తిన్నాక మామ దాన్ని నాకు జత చేశాడు. స్తంభానికి సెలవు. "సుంకులమ్మా, ఈ పాపకు మొదటి వరస నువ్వే నేర్పల్ల" అన్నాడు. నేర్పాను. కుడికాలు ముందు, ఎడమ పక్కకు, తట్టి తిరుగు. అది కదిలితేగా! చేతులు వేలాడేసుకుని నా భుజం మీదుగా గోడను చూస్తూ నిలబడింది.

"నీకంటే నా స్తంభమే నయం. అదైనా నిటారుగా నిలబడేది," అన్నాను.

"స్తంభం చెక్క కొట్టదు గదక్కా," అని ఒక్కసారి, తప్పో ఒప్పో, కొట్టింది. ఝల్లుమంది. కొత్త చెక్క, కొత్త రేకులు. నాది బదులుగా టక్కుమంది.

మామ పాట ఆపాడు. "సుంకులమ్మా, నీ చెక్కకు పడిశం పట్టినట్టుండాదే."

"ఎండకు కర్ర బిగుసుకుందిలే మామా."

"ఎండకు కర్ర ఇచ్చుకుంటాదా, బిగుసుకుంటాదా?" అన్నాడు గాలిలోకి. ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడమే నాకు నచ్చలేదు.

కృత్తిక కార్తె, శనివారం

గాలి: వేడిగాలి, రాయలసీమ అంతా మనమీదికే ఊదినట్టు. నీళ్ళు: ముప్పాతిక. కాళ్ళు: వన్నూరప్పవి.

మధ్యాహ్నం అందరం పడుకున్నాక చెక్క మోగింది. వన్నూరప్ప. మనిషి చూస్తే కొండంత, ఒకప్పుడు బస్సు తోలినవాడు. నడిమధ్యలో నిలబడి, "ఏమనుకోవాకండబ్బా, బ్రేకు పడ్లేదు" అంటూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. అందరం లేచాం. దుప్పట్లు ఒక మూలకు తన్నేసి, నిద్రకళ్ళతోనే వరసలో నిలబడ్డాం. మామ ఎత్తుకున్నాడు.

నిల్లుమంటే నిల్లవాయె నా కాళ్ళు, ఓయమ్మా
నేల యేమి చెప్పెనో ఈ కాళ్ళకు.

దాని తరువాతి చరణం ఎవరికి తోచింది వాళ్ళు కట్టాలి. అదీ ఇక్కడి పద్ధతే. ఎవరికీ ఏమీ తోచకపోతే అవే రెండు పాదాలు తిరుగుతాయి, అంతవరకూ అడుగులు ఆగవు. వన్నూరప్ప కాళ్ళు దిగడం లేదు. నా వీపంతా చెమట. అప్పుడు నా ఎదురుగా ఉన్న లాలెమ్మ, తలెత్తకుండానే, ఎవరితోనూ కాదన్నట్టు అంది:

బడికి పోని పిల్లలల్లె పరుగెత్తె, ఓయమ్మా
బుజ్జగించి తెచ్చుకుందు ఇంటికి.

వన్నూరప్ప పగలబడి నవ్వాడు. అందరం ఎత్తుకున్నాం. ఆ చరణం మీద అడుగులు పడుతుంటే నా ఒళ్ళు నా మాట వింది. చాలా రోజుల తరువాత సంతోషం వేసింది. ఉట్టి సంతోషం, రేకుతో పనిలేనిది. రాసుకుంటే తప్ప నేనే నమ్మను.

కాళ్ళు దిగాక, నీళ్ళు తాగుతూ లాలెమ్మ నా చేతి వంకే చూసింది. "అక్కా, నీ కుడి చెక్కలో ఏముండాది?"

"మైనం."

"మైనం యాల?"

"పగిలింది, అందుకు. నీ పని చూసుకో."

చూసుకోలేదు. చెవి నా చెక్క వైపే పెట్టి పడుకుంది.

కృత్తిక కార్తె, చివరి రోజు

గాలి: లేదు. నీళ్ళు: సగం. కాళ్ళు: పరవాలేదు. మనసు: అడక్కూడదు.

కాళ్ళు బాగున్న రోజు మనసు పట్టుకుంటుంది. ఇదో తంటా. లేచాను, ఫిల్టరు జల్లెడకు పట్టిన ఉప్పు గీకాను, కందిబేడలు ఏరాను. చేస్తున్నంతసేపూ ఇదంతా ఎందుకు అనే మాట లోపల తిరుగుతూనే ఉంది. ఏడుపు కూడా రాదు, వస్తే బాగుండును. సాధనలో అడుగులన్నీ సరిగ్గానే వేశాను. మామ మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు ఇంకెవరికో అందినట్టుంది.

రేపటి నుంచి రోహిణి. తలుపు మూత మరీ పొడుగు, తెల్లవారీ వారకముందు నుంచి చీకటి పడేదాకా. అంతసేపు ఈ రాళ్ళ మధ్య ఈ తలకాయతో ఎలా? ఒక్క మధ్యాహ్నం పెట్టుకుంటే ఏమవుతుంది? దుప్పటి కప్పుకుంటే ఎవరికీ కనబడదు. ఒక్కటే మధ్యాహ్నం, తరువాత నేనే పారేస్తాను.

ఈ మాట ఇదివరకు ఎన్నిసార్లు అనుకున్నానో నాకు తెలుసు. అయినా నిర్ణయించుకున్నాక ప్రాణం కాస్త కుదుటపడింది.

రోహిణి కార్తె, మొదటి రోజు, తలుపు మూయకముందు

గాలి, నీళ్ళు తరువాత.

నా చెక్క పలికింది.

మూతకు ముందు చిన్న సాధన పెట్టాడు మామ. మొదటి దెబ్బకే నా కుడిచెయ్యి ఝల్లుమంది. పూర్తిగా కాదు, ఒక రేకు తక్కువ కదా, కానీ గొంతు విప్పింది. అందరూ ఆగి నా వైపు తిరిగారు. "ఓయబ్బా! సుంకక్క చెక్కకు నోరొచ్చిందిరోయ్!" అని వన్నూరప్ప ఎగిరి గంతేశాడు. ఎవరో ఈల వేశారు. మామ మొహం వెలిగిపోయింది. నావైపు చూసి తల ఊపాడు, నేనేదో గొప్ప పని చేసినట్టు.

 ఓ మూలకు పోయి చూసుకున్నాను. మైనం గీకేసి ఉంది. గాడి ఖాళీ.

నాకు మొదట కలిగింది భయం కాదు, కోపం. నాది! నేను నాలుక కింద పెట్టుకుని తెచ్చుకున్నది, ఇవాళ్టికని దాచుకున్నది! ఎవరి చేతులు విరగాలి? ఒక్కొక్కరి మొహం చూశాను. లాలెమ్మ జుట్టు వదిలేసి ఉంది. ఎప్పుడూ బిగించి జడ వేసుకునే పిల్ల. జుట్టు చెవుల మీదుగా పడి ఉంది.

అరిస్తే నా దొంగతనం బయట పడుతుంది. అరవకపోతే నా నెమ్మది పోతుంది. తలుపు మూస్తున్నారు.

అదే రోజు, తలుపు తెరిచాక

 ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మూశాక అందరూ దుప్పట్లు పరుచుకున్నారు. లాలెమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం ప్రశాంతంగా ఉంది. "పాప ఈపొద్దు బాగుండాది," అన్నాడు వన్నూరప్ప నా పక్కన పడుకుంటూ. నాకు తెలుసు ఎందుకు బాగుందో. ఆ హాయి నాది, దాని మొహం మీద ఉంది. అసూయతో చచ్చాను.

ఒక లెక్క వేసుకున్నాను. ఆ రేకుకు నేను మెట్లు లేకుండా చేశాను. కొత్తపిల్ల, బక్కపిల్ల, ఎంతోసేపు తట్టుకోలేదు, పక్కకు ఒరిగిపోతుంది. అందరూ నిద్రపోయాక మెల్లగా పోయి తీసేసుకోవచ్చు. తీసుకుని పెట్టుకోవచ్చు కూడా. కాబట్టి ఎదురుగా కూర్చుని, ఒక పిల్ల పడిపోవడం కోసం కాచుకున్నాను. అవును, అదే చేశాను.

ఉక్క పెరిగింది. అందరూ నిద్రలోనే తడుముకుని నీళ్ళు తాగుతున్నారు. లాలెమ్మ పక్కనున్న ముంత పొద్దున నింపింది నింపినట్టే ఉంది. పెదవులు పగిలి పొక్కులు కట్టాయి. ఈగ ఒకటి పెదవి మీద వాలింది, తోలుకోలేదు. నవ్వుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి, నేను కనబడటం లేదు.

గాలిమర మీంచి దించిన రోజు నా మొహం ఎలా ఉండిందో నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ చూశాను.

చెక్క గుర్తు రాలేదు. నోరే లేచింది. "మామా! లేవండి! ఈ పిల్ల చచ్చిపోతోంది!"

నేనే పోయి జుట్టు తప్పించి, చెవి కిందినుంచి లాగేశాను. మెట్లు ఉంటే మెల్లగా దించవచ్చు. మెట్లు పీకేసిన మహాతల్లిని నేనే. ఒక్కసారిగా లాగడం తప్ప దారి లేదు. లాలెమ్మ ఒళ్ళంతా అదిరింది. వన్నూరప్ప తలెత్తి పట్టుకుని నోట్లో నీళ్ళు పోశాడు. సగం బయటికే వచ్చాయి, సగం దిగాయి.

"యాడిది ఇది?" అన్నాడు మామ.

"నాది," అన్నాను. "నా చెక్కలో దాచాను. వచ్చినప్పటి నుంచీ."

తిడతారనుకున్నాను.  మామ నేలమీద కూలబడ్డాడు. "పలకని చెక్క ఇంటే తెలీదా మాకు? ఈ ఇంట్ల మొదట్లో ఎవుని చెక్క పలికింది కనక? నాదీ పలకలే. ఎవురిది వాళ్ళే తీసి పారేసినారు, నువ్వూ తీస్తావనుకొంటి. పొద్దున పలికితే తీసేసినావనే అనుకొంటి."

"తెలిసీ ఊరుకున్నావా? దీని ప్రాణం పోయుంటే?"

"పాప సెవులు అంత పదునని నాకు తట్టలే సుంకులమ్మా. తప్పు నాది గూడా."

అంతలో లాలెమ్మ కాళ్ళు లేచాయి. అలాంటివి నేను చూడలేదు. పడుకోబెట్టినదల్లా నేలను తన్నుకుంటూ లేచి తలుపు వైపు పరుగెత్తింది. బయట మండుతున్న ఎండ. ఇద్దరు పట్టుకుని వెనక్కి తెచ్చారు. చెక్కలు అందుకున్నాం.

నా చేతిలో ఇంకా ఆ రేకు ఉంది. వెచ్చగా ఉంది, లోపల బలం ఉంది. "దీన్నెవరైనా పట్టుకోండి," అన్నాను. మామ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకియ్యాకు తల్లీ. వదిలి ఎన్నేండ్లయినా ఈ చేతుల్ని నమ్మను." వన్నూరప్ప వైపు చాపితే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక్కొక్కరికీ చూపించాను, ఒక్కొక్కరూ తల తిప్పుకున్నారు. తలుపు తెరిచి పారేయడానికి లేదు. చేతిలో చెక్క పట్టాలంటే రేకు వదలాలి. నేలమీద వదిలేశాను.

మామ ఎత్తుకున్నాడు. లాలెమ్మను మధ్యలో పెట్టుకుని అడుగులేశాం. అది వరసలోకి రావడం లేదు, కాళ్ళు ఎక్కడ పడితే అక్కడ పడుతున్నాయి. మేము దాని చుట్టూ తిరుగుతున్నాం. గొంతులు ఎండిపోయాయి, పాట పోయి చెక్కలే మిగిలాయి. అప్పుడు గమనించాను. ఇంతమందిమి ఇంతసేపు ఎగురుతున్నా ఆ రేకు పడ్డ బండ మీద ఒక్క కాలూ పడటం లేదు. చూడకుండానే, తాళం తప్పకుండానే, అందరి కాళ్ళూ దాన్ని తప్పించుకుని పోతున్నాయి. నావి కూడా.

"ఎవరూ తొక్కరేం!" అని అరిచాను.

"నువ్వు యాల తొక్కలే?" అన్నాడు మామ, అడుగు ఆపకుండా.

జవాబు చెప్పేలోపల పుటుక్కుమంది. లాలెమ్మ మడమ. అది చూసి తొక్కలేదు. దాని కాళ్ళకు ఏ బండయినా ఒకటే. ఏం తొక్కిందో కూడా తెలియదు.

హమ్మయ్య అనిపించిందని రాయాలని ఉంది. అనిపించలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. లాలెమ్మ కోసం కాదు, ఆ రేకు కోసమే వెక్కివెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే ఎగిరాను. ఎప్పటికో లాలెమ్మ కుడికాలు ముందుకు, ఎడమ పక్కకు పడింది. తట్టింది. తిరిగింది. ఇంకాసేపటికి, ఎవరి భుజమో చూసుకోకుండా, ఆ భుజం మీద నిద్రపోయింది. భుజం వన్నూరప్పది.

రోహిణి కార్తె, ఆదివారం

గాలి: వేడి. నీళ్ళు: పావు. బండి రావాలి. కాళ్ళు: లాలెమ్మవి రెండుసార్లు, ఇంకొకరివి ఒకసారి. నావి చెప్పను.

ఇంట్లో పెద్ద రభస. చెక్కలన్నీ వారానికొకసారి విప్పి చూడాలని సగం మంది. ఒకరినొకరు నమ్మకపోతే ఇదీ ఊరి మాళిగే అవుతుందని మిగతా సగం. నా మూలంగా వచ్చిన గొడవ కాబట్టి నన్ను ఎవరూ అడగలేదు. చివరికి మామ, "ఇంగ మీద పలకని చెక్క ఇంటే నోరు మూసుకోం, మొగాన్నే అడుగుతాం. మంచిదైనా చెడ్డదైనా" అన్నాడు. దానికి అందరూ ఒప్పుకున్నారు. గొణుగుడు మాత్రం ఆగలేదు.

లాలెమ్మ నాతో మాట్లాడదు. ఎదురుగా నిలబడుతుంది, అడుగులేస్తుంది, చూపు నా తలపైన. నిన్న పట్టుకుని అడిగాను, క్షమించమని. నాకు అలవాటు లేని పని, నోరు తిరగలేదు.

"తెచ్చినదీ నువ్వే, లాక్కున్నదీ నువ్వే," అంది. "అది పెట్టుకున్న కొంచేపు నాకెంత బాగుండిందో నీకు తెలుసు. నీకొక్కదానికే తెలుసు. అందుకే నీ మొగం సూడలేను."

 నిజమే. ఆ హాయి ఎంతో మా ఇద్దరికీ తెలుసు. అది పోయిందనీ తెలుసు.

మామ తన చెక్కలోంచి ఒక ఇత్తడి రేకు ఊడదీసి, ఒక చిన్న సుత్తి, ఒక చీల నా ముందు పెట్టిపోయాడు. నా చెక్క తను ముట్టలేదు. నేనే బిగించుకున్నాను. ఇప్పుడు నాది నిండుగా పలుకుతుంది. మామది కొంచెం తగ్గింది. తేడా వినబడుతూనే ఉంది.

మృగశిర కార్తె, రెండో రోజు

గాలీ నీళ్ళూ ఇంకా చూడలేదు. ముందు ఇది రాస్తాను.

నిన్న పైన మబ్బు పట్టింది. వాన లేదు, వట్టి ఉక్క. మధ్యాహ్నం నా కాళ్ళు లేచాయి. ఎప్పటిలాగే దుప్పటి కప్పుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, పళ్ళు బిగించాను. కాసేపట్లో పోతుందిలే అనుకున్నాను. పోలేదు. తల కూడా తోడయింది. నీ మూలంగా ఒక పిల్ల చావబోయింది, ఇంకా సిగ్గులేకుండా లేపుతావా అంది. దాచుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. చెక్క పలకదని సాకు చెప్పుకోవడానికీ లేదు. పక్కనే ఉంది, బ్రహ్మాండంగా పలుకుతుంది.

ఎంతసేపు పడుకున్నానో. బయటికి, ఆ ఎండలోకి, ఎటో ఒకవైపు నడిచి వెళ్ళిపోవాలనిపించింది. నిజంగా అనిపించింది. తలుపు గడియ వైపు చూశాను. భయం వేసింది. చెయ్యి తనంతట తను చెక్క మీదికి పోయింది.

కొట్టాను.

ఆ చిన్న గోదాంలో ఆ మోత నాకే అదిరిపాటు. లేచి కూర్చుని చూస్తే, అందరికన్నా ముందు, దుప్పటి కూడా లేకుండా, లాలెమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. జడ బిగించి ఉంది. రెండు చెక్కలూ అప్పటికే వేళ్ళకు తొడుక్కుని ఉన్నాయి.

"ఇంతసేపా అక్కా కొట్టేకి?" అంది. ఇన్ని రోజుల తరువాత నా కళ్ళలోకి చూసి మాట్లాడిన మొదటి మాట. "దుప్పటి కింద నువ్వు తన్నుకుంటాంటే నాకు నిద్ర పడుతుందా? ఎప్పట్నించి కాసుకోనుండానో తెలుసా?"

"లేపొచ్చు కదా మరి!"

"నేను కొడితే అది నా కాళ్ళవుతాది. నీవి నువ్వే సెప్పల్ల."

వెనకాల వన్నూరప్ప ఆవలిస్తూ, పంచె బిగించుకుంటూ వచ్చాడు. "సుంకక్క కొట్టింది! సుంకక్క కొట్టిందిరోయ్!" అని అందరినీ లేపాడు, పెళ్ళికి పిలిచినట్టు. మామ గొంతు సవరించుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు.

లాలెమ్మ కుడికాలు ముందుకు వేసింది. నేను వేశాను.

గాలి: తెలియదు. నీళ్ళు: తెలియదు. కాళ్ళు: లాలెమ్మవీ, మామవీ, నావీ, అందరివీ.